తగ్గిన ధర ఎక్కడి నుంచి వచ్చింది?

వాహన విడిభాగాల సరఫరా ఒప్పందాల్లో ఒక షరతు తరచుగా కనిపిస్తుంది. ఉత్పత్తి మొదలైన మరుసటి ఏడాది నుంచి భాగం ధరను ఏటా కొంత శాతం చొప్పున తగ్గిస్తూ రావాలన్నది ఆ షరతు. వస్తువు ధర ఏటా పెరగడమే చూసినవారికి ఇది విడ్డూరంగా తోచవచ్చు గానీ, ఈ రంగంలో పనిచేసేవారు దీన్ని వింతగా చూడరు. పని అలవాటైన కొద్దీ రిజెక్షన్లు తగ్గుతాయి, యంత్రం ఖాళీగా ఉండే సమయం తగ్గుతుంది, కార్మికులకు చెయ్యి తిరుగుతుంది, కనుక ఖర్చు కూడా తగ్గాలి కదా అన్నది కొనేవారి వాదన. అందులో నిజం లేకపోలేదు. వాహన సంస్థలకూ సరఫరాదారులకూ మధ్య నడిచిన పెద్ద పేచీలను పక్కపక్కన పెట్టి చూస్తే, ధర తగ్గించడం మీద వచ్చిన తగాదాల కంటే, తగ్గిన ఆ మొత్తం దేనిలో నుంచి వచ్చిందన్న దాని మీద వచ్చిన తగాదాలే ఎక్కువని నాకు అనిపిస్తుంది. అది భాగం రూపకల్పనలో నుంచో, తయారీ విధానంలో నుంచో వస్తే ఇద్దరూ బాగుపడతారు. సరఫరాదారు లాభంలో నుంచి వస్తే కొన్నేళ్లపాటు ఒకరు బాగుపడతారు, ఆ తర్వాత ఇద్దరూ నష్టపోతారు.

ఒక కారును మరల దాకా విప్పి లెక్కపెడితే సుమారు 30,000 భాగాలు తేలతాయి. వాటిలో ఎక్కువ భాగం కారు మీద పేరున్న సంస్థ తన కర్మాగారంలో చేసేవి కావు. సీటు, డ్యాష్‌బోర్డు, బ్రేకు వంటి పూర్తి కూర్పులను నేరుగా అందించేవారిని టైర్-1 అంటారు. వారికి పోత భాగాలు, ఫోర్జింగులు, ప్లాస్టిక్ అచ్చు భాగాలు ఇచ్చేవారు టైర్-2, ఆ కిందివారు టైర్-3. పైనున్న సంస్థకు తన టైర్-1 సరఫరాదారులు బాగా తెలుసు. మూడో మెట్టులో ఎవరున్నారో తెలియకపోవడమే మామూలు. ఈ తెలియకపోవడానికి ఎంత మూల్యం చెల్లించాల్సి వస్తుందో ముందు ముందు చెబుతాను.

ఈ సంబంధం మొదలయ్యే తీరులోనే ఒక మెలిక ఉంది. కొత్త మోడల్ కోసం కొటేషన్లు పిలిచినప్పుడు బలమంతా కొనేవారిదే, ఎందుకంటే ఒకే భాగానికి నలుగురైదుగురు పోటీ పడుతుంటారు. ఒకరిని ఎంచుకున్న క్షణం నుంచి ఆ బలం మెల్లగా చేతులు మారడం మొదలవుతుంది. ఆ భాగం కోసం డైలు, అచ్చులు, ఫిక్స్చర్లు, గేజీలు తయారు కావాలి. చాలా సందర్భాల్లో ఆ టూలింగ్‌కు డబ్బు చెల్లించి హక్కు ఉంచుకునేది వాహన సంస్థే, కానీ అది ఉండేది మాత్రం సరఫరాదారు షెడ్డులో. తర్వాత నమూనాలు తీసి, కొలతల నివేదికలు, పదార్థ పరీక్షలు, ప్రక్రియ సామర్థ్య లెక్కలు అన్నీ జతచేసి, పీపీఏపీ అని పిలిచే ఆమోద పత్రాల కట్టను సమర్పించాలి. బ్రేకు, స్టీరింగు వంటి భద్రతా భాగాలకైతే వాహనం మీద అమర్చి మన్నిక పరీక్షలు కూడా జరపాలి. ఇన్ని మెట్లు ఎక్కిన తర్వాత సరఫరాదారును మార్చాలంటే నెలలు పడుతుంది, మళ్లీ అదే ఖర్చు అవుతుంది. అలాగని సరఫరాదారు నిశ్చింతగా ఉంటాడనుకోవడానికి వీల్లేదు. ఏడాదికి ఇన్ని లక్షల భాగాలు అని కొటేషన్‌లో రాసుకున్నది అంచనా మాత్రమే, సాధారణంగా అది హామీ కాదు. ఆ అంచనాను నమ్మి యంత్రాలు కొని, ఆ పెట్టుబడిని ఒక్కో భాగం ధరలో సర్దుకున్న తర్వాత కారు అమ్ముడుపోకపోతే, మునిగేది యంత్రం కొన్నవాడే.

ఇద్దరూ ఒకరికొకరు చిక్కుకుపోయే ఈ స్థితి కొత్తదేమీ కాదు. 1919లో జనరల్ మోటార్స్ సంస్థ మూసి ఉన్న కారు బాడీల కోసం ఫిషర్ బాడీతో 10 సంవత్సరాల ఒప్పందం చేసుకుంది. ఖర్చు మీద 17.6 శాతం కలిపి ధర చెల్లించాలన్నది అందులోని పద్ధతి. అదే సమయంలో ఫిషర్‌లో 60 శాతం వాటా కూడా కొన్నది, 1926లో మిగతాది కూడా కొని తనలో కలిపేసుకుంది. ఫిషర్ సంస్థ ఆ ఒప్పందాన్ని అడ్డం పెట్టుకుని ఇబ్బంది పెట్టినందువల్లే ఈ విలీనం జరిగిందని ఆర్థికవేత్తలు చాలాకాలం ఉదాహరణగా చెప్పుకున్నారు. మరో ఆర్థికవేత్త రొనాల్డ్ కోస్ ఆ కథనాన్ని గట్టిగా ఖండించాడు. వాస్తవం ఎటువైపు ఉన్నా, ఖర్చు మీద శాతం లెక్కన ధర కట్టే ఒప్పందంలో ఖర్చు తగ్గించాలన్న తొందర సరఫరాదారుకు ఉండదన్న మాట మాత్రం పాతబడలేదు.

1990ల మొదట్లో రెండు అమెరికా సంస్థలు ఒకే ప్రశ్నకు ఇచ్చిన రెండు జవాబులను పోల్చి చూడడం నాకు ఎప్పుడూ ఆసక్తికరంగానే ఉంటుంది. 1992లో జనరల్ మోటార్స్ కొనుగోళ్ల బాధ్యత తీసుకున్న ఇగ్నాసియో లోపెజ్ పాత ఒప్పందాలను తిరగదోడి, కుదిరిన ధరలను పక్కన పెట్టి, మళ్లీ మళ్లీ కొటేషన్లు పిలిచి, రెండంకెల శాతంలో తగ్గింపు కోరాడు. సంస్థకు పెద్ద మొత్తం ఆదా అయింది. అతను 1993లో ఫోక్స్‌వాగన్‌కు వెళ్లిపోవడం, రహస్య పత్రాలు వెంట తీసుకువెళ్లాడన్న ఆరోపణ, 1997లో ఫోక్స్‌వాగన్ 10 కోట్ల డాలర్లు చెల్లించి, 100 కోట్ల డాలర్ల విలువైన భాగాలు జనరల్ మోటార్స్ నుంచి కొనేందుకు అంగీకరించి రాజీపడడం, ఇవన్నీ ఆనాటి పత్రికల్లో పతాక శీర్షికలయ్యాయి. సరఫరాదారుల మనసులో మిగిలిపోయింది మాత్రం వేరే విషయం. తాము కష్టపడి కనిపెట్టిన తయారీ ఉపాయం పోటీదారు చేతికి వెళ్లి, అతని నుంచి తక్కువ ధర రాబట్టడానికి పనికొస్తుందన్న భయం వారిలో పాతుకుపోయింది. ఆ భయం ఉన్నచోట మంచి ఆలోచన ముందుగా ఎవరి దగ్గరికి వెళుతుందో వేరే చెప్పనక్కరలేదు.

దాదాపు అదే కాలంలో క్రైస్లర్ కొనుగోళ్ల అధిపతి థామస్ స్టాల్‌క్యాంప్ మరో దారి పట్టాడు. స్కోర్ అనే కార్యక్రమం కింద, ధర తగ్గించమని ఆజ్ఞాపించడం మానేసి, ఖర్చు తగ్గే మార్గం చెప్పమని సరఫరాదారులను అడిగాడు. ఆ సూచన తమ కర్మాగారానికి సంబంధించినదే కానక్కరలేదు. క్రైస్లర్ సొంత డ్రాయింగులలో ఉన్న అనవసరపు ఖర్చు గురించీ చెప్పవచ్చు. సూచన అమలై డబ్బు మిగిలితే అందులో సగం సరఫరాదారు ఉంచుకోవచ్చు, అంతకంటే ఎక్కువ వదులుకుంటే అతని మదింపులో మంచి మార్కులు పడతాయి. 1990ల మధ్య నాటికి వేల సంఖ్యలో సూచనలు వచ్చాయి, కొత్త మోడల్ తయారీకి పట్టే కాలం కూడా తగ్గింది. ఇది దానగుణం కాదు, మంచి లెక్క. ఒక బ్రాకెట్ కొలతలో అనుమతించే హెచ్చుతగ్గుల హద్దు (టాలరెన్స్) అవసరానికి మించి బిగుతుగా ఉందని ముందుగా తెలిసేది ఆ డ్రాయింగ్ గీసినవారికి కాదు, దాన్ని మిల్లింగ్ చేసి ప్రతి వందలో కొన్నింటిని తుక్కు కింద పారేసేవారికే.

అలా పదేళ్లు కూడబెట్టిన నమ్మకం ఎంతలో పోయిందో కూడా చెప్పాలి. 1998లో క్రైస్లర్ జర్మనీ వాహన సంస్థ డైమ్లర్‌తో కలిసింది, మరుసటి ఏడాది స్టాల్‌క్యాంప్ బయటికి వెళ్లాడు, అమ్మకాలు దెబ్బతిన్నాయి. 2000 డిసెంబరులో కొత్త యాజమాన్యం సరఫరాదారులకు లేఖలు రాసింది: జనవరి 1 నుంచి ధరలో 5 శాతం కోత పడుతుంది, ఆ తర్వాతి రెండేళ్లలో మరో 10 శాతం తగ్గించాలి. పాత రోజుల్లో ఆ 5 శాతం కంటే ఎక్కువే సూచనల రూపంలో వచ్చి ఉంటుందని నా ఊహ. కొన్ని పెద్ద సరఫరా సంస్థలు మొదటి కోతకు బాహాటంగానే ఒప్పుకోలేదు. సంస్థ కష్టంలో ఉన్నప్పుడు అడగడాన్ని నేను తప్పుపట్టను. పాత అలవాటు ప్రకారం ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి అడగవలసిన దాన్ని తాఖీదులా పంపడంతో, అప్పటిదాకా ఆలోచనలు చెప్పినవారు ఆ రోజు నుంచి లెక్కలు దాచుకోవడం మొదలుపెట్టి ఉంటారు.

ఈ చర్చ వచ్చినప్పుడల్లా టొయోటాను ఆదర్శంగా చూపడం ఆనవాయితీ. దానికి కారణం లేకపోలేదు. ఒకసారి ఎంచుకున్న సరఫరాదారును తమ సంస్థలో భాగంగా చూడాలని, వీలైనంత వరకు మార్చకుండా అతని స్థాయి పెంచడానికి ప్రయత్నించాలని 1939 నాటికే ఆ సంస్థ కొనుగోలు నియమాల్లో రాసుకుంది. క్యోహోకై అనే సరఫరాదారుల సంఘం ఆ పేరుతో 1943 నుంచి ఉంది. తమ ఇంజినీర్లను సరఫరాదారు కర్మాగారానికి పంపి, రోజుల తరబడి అక్కడే ఉంచి, పని క్రమాన్ని సరిదిద్దించడం వారి పద్ధతి. అయితే దీన్ని మెత్తదనం అనుకునేవారు టొయోటాతో ఎన్నడూ బేరం చేసి ఉండరు. భాగం తయారీకి ఎంత అవుతుందో వారికి సరఫరాదారుతో సమానంగా తెలుసు. కారు అమ్మకపు ధర ముందు నిర్ణయించి, అందులో నుంచి లాభం తీసేసి, మిగిలినదాన్ని భాగాలకు పంచి లక్ష్యపు ఖర్చు నిర్ణయిస్తారు. దాన్ని అందుకోవడం సరఫరాదారుకు చెమటలు పట్టించే పనే. తేడా అల్లా, అందుకోలేకపోతే ఎక్కడ ఆగిందో చూడడానికి ఇద్దరూ కలిసి కూర్చుంటారు.

ఏళ్ల తరబడి సాగే సంబంధం మంచి సంబంధమే అవుతుందన్న నియమం మాత్రం లేదు. నిస్సాన్ కథ చదివితే ఇది స్పష్టమవుతుంది. ఆ సంస్థకు తన బృందంలోని సరఫరా సంస్థల్లో వాటాలు ఉండేవి, విరమణ చేసిన అధికారులు అక్కడ పదవుల్లో కుదురుకునేవారు, ధరలు ఎక్కువని తెలిసినా అడిగేవారు ఉండేవారు కారు. 1999 అక్టోబరులో, సంస్థను గాడిలో పెట్టడానికి వచ్చిన అధికారి కార్లోస్ ఘోన్ ప్రకటించిన పునరుద్ధరణ ప్రణాళికలో, మూడేళ్లలో కొనుగోళ్ల ఖర్చు 20 శాతం తగ్గించడం, 1,145గా ఉన్న సరఫరాదారుల సంఖ్యను 600కు దించడం ముఖ్యమైన అంశాలు. వాటాల్లో చాలా వరకు అమ్మేశారు. సంస్థ నిలబడింది. ఆ కోత అవసరమైనదేనని నా అభిప్రాయం, ఎందుకంటే పోటీ లేని చోట పేరుకున్న కొవ్వే అందులో చాలా వరకు కరిగింది. కానీ అదే సంస్థకు 2024 మార్చిలో జపాన్ ఫెయిర్ ట్రేడ్ కమిషన్ నోటీసు ఇచ్చింది. 2021 జనవరి నుంచి 2023 ఏప్రిల్ మధ్య 36 చిన్న సరఫరాదారులకు ఒప్పుకున్న మొత్తంలో నుంచి దాదాపు 300 కోట్ల యెన్లు అన్యాయంగా కోసుకుందన్నది అందులోని అభియోగం. ముందుగా కుదిరిన ధరను బిల్లు చెల్లించే సమయంలో ఏకపక్షంగా తగ్గించడమన్నమాట. అందులో రూపకల్పన లేదు, ప్రక్రియ లేదు, ఉన్నది బలమొక్కటే. సంస్థ ఆ డబ్బు తిరిగి చెల్లించింది.

సంబంధం విలువ ధరల పట్టికలో కనిపించదు కనుక, అది బయటపడడానికి ఏదో ఒక విపత్తు రావాలి. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లోని కారియాలో ఐసిన్ సంస్థ కర్మాగారం అగ్నికి ఆహుతైంది. టొయోటా కార్లలో వెనుక బ్రేకులకు వెళ్లే ఒత్తిడిని సర్దే పి-వాల్వ్ అనే చిన్న భాగం దాదాపు మొత్తం అక్కడి నుంచే వచ్చేది, నిల్వ చూస్తే చాలా కొద్దిగానే ఉంది. కొన్ని రోజుల్లోనే టొయోటా అసెంబ్లీ లైన్లు దాదాపు అన్నీ ఆగిపోయాయి. ఐసిన్ తన డ్రాయింగులను అడిగినవారందరికీ ఇచ్చేసింది. కుట్టుమిషన్లు చేసే బ్రదర్ సంస్థ సహా ఎన్నో సంస్థలు తమ దగ్గరున్న యంత్రాలను తిప్పుకుని ఆ వాల్వులు చేయడానికి పూనుకున్నాయి. సాయానికి కదిలిన సంస్థల సంఖ్య 200 దాకా ఉంటుంది. ధర ఎంత, టూలింగ్ ఖర్చు ఎవరిది, డ్రాయింగ్ మీద హక్కు ఎవరిది అన్న ప్రశ్నలు పక్కన పెట్టి అందరూ పనిలో దిగారు. పది రోజులు తిరిగేసరికి ఉత్పత్తి మామూలు స్థితికి వచ్చింది. తర్వాత ఐసిన్ ఆ ఖర్చులను భరించింది, టొయోటా కూడా తన ప్రధాన సరఫరాదారులకు పరిహారం చెల్లించింది. ఒకే చోట నుంచి కొనడం, నిల్వ ఉంచుకోకపోవడం తప్పేనని వాదించేవారి మాట నేను కాదనను. ఆ తప్పు నుంచి పది రోజుల్లో బయటపడగలగడం మాత్రం ఏ ఒప్పందంలోనూ రాసుకోగలిగే షరతు కాదు.

దీనికి పూర్తిగా ఎదురైన ఘట్టం 2016 ఆగస్టులో జర్మనీలో జరిగింది. ప్రివెంట్ బృందానికి చెందిన రెండు సరఫరా సంస్థలు, తమతో కుదిరిన ఒక ఒప్పందాన్ని ఫోక్స్‌వాగన్ రద్దు చేసి నష్టపరిహారం ఇవ్వలేదంటూ, సీటు కవర్లు, గేర్‌బాక్స్ పోత భాగాల సరఫరా నిలిపివేశాయి. గోల్ఫ్ కార్ల లైను ఆగింది, దాదాపు 28,000 మంది పని మీద ప్రభావం పడింది. కోర్టు ఉత్తర్వులు కూడా భాగాలను లైను దగ్గరికి చేర్చలేకపోయాయి, చివరికి రాత్రంతా సాగిన చర్చల్లో రాజీ కుదిరింది. చిన్నవాడు పెద్దవాడి మెడలు వంచాడని అప్పట్లో కొందరు సంబరపడ్డారు. 2018లో ఫోక్స్‌వాగన్ ఆ బృందంతో ఒప్పందాలు తెంచుకుంది. లైను ఆపగలగడం సరఫరాదారుకు ఉన్న అతి పెద్ద బలమే, కానీ దాన్ని ఒక్కసారి వాడినవాడికి తర్వాతి మోడల్ కొటేషన్ అందదు.

2020లో వచ్చిన చిప్‌ల కొరత మరో పాఠం. వసంతంలో అమ్మకాలు పడిపోగానే వాహన సంస్థలు అలవాటు ప్రకారం భాగాల ఆర్డర్లు కోసేశాయి, ఆ కోత టైర్-1 మీదుగా చిప్ తయారీదారుల దాకా వెళ్లింది. చిప్ కర్మాగారాలు ఖాళీ అయిన సామర్థ్యాన్ని కంప్యూటర్లకు, ఫోన్లకు ఇచ్చేశాయి. కొన్ని నెలలకే కార్ల గిరాకీ తిరిగి వచ్చింది గానీ, చిప్‌ల క్యూలో వాహన సంస్థలు చివరికి చేరాయి. ఆర్డరు నేడు రద్దు చేసి రేపు మళ్లీ ఇచ్చే చనువు, తన మీదే ఆధారపడిన పోత కర్మాగారంతో చెల్లుతుంది; వాహన రంగం తన అమ్మకాల్లో చిన్న వాటా మాత్రమే అయిన పరిశ్రమతో చెల్లదు. 2011లో జపాన్ భూకంపంలో చిప్‌లు చేసే రెనెసాస్ సంస్థ నాకా కర్మాగారం దెబ్బతిన్నప్పుడు టొయోటా కింది మెట్ల సరఫరాదారుల జాబితా తయారు చేసుకుని, కొన్ని నెలలకు సరిపడా చిప్‌లు నిల్వ ఉంచాలని తన టైర్-1 సంస్థలకు చెప్పింది. అందువల్లే 2021 మొదటి నెలల్లో మిగతావారి కంటే కొంత ఎక్కువ కాలం నిలదొక్కుకుంది. నిల్వ అంటేనే దండుగ అని లోకానికి నేర్పిన సంస్థ నిల్వ చేయమని చెప్పడంలో వైరుధ్యం ఉందని కొందరు నవ్వారు. నాకైతే అది సరఫరాదారు కష్టాన్ని ముందుగా కనుక్కున్నవారి తెలివిగానే తోచింది.

నాణ్యత గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే అక్కడ నియమాలు స్పష్టంగానే ఉన్నాయి. లోపభూయిష్టమైన భాగం లైనుకు చేరితే వేరుచేసి ఏరే ఖర్చు, లైను ఆగిన సమయం అన్నీ కలిపి సరఫరాదారుకు డెబిట్ నోటు, అంటే అతనికి రావలసిన డబ్బులో కోత పత్రం, వస్తుంది. లోపం రోడ్డు మీదికి చేరితే మాత్రం పాత స్నేహాలు కూడా ఆగవు. 2000లో ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ వాహనాల ఫైర్‌స్టోన్ టైర్లు వెనక్కి పిలిచినప్పుడు, లోపం టైరుదని ఒకరు, వాహనానిదని ఒకరు వాదించుకుని, దాదాపు శతాబ్దం నాటి వ్యాపార బంధాన్ని 2001 మేలో తెంచుకున్నారు.

ఎవరైనా సరఫరా ఒప్పందం చూపించి అభిప్రాయం అడిగితే, నేను ధరకు ముందు మూడు చోట్ల చూస్తాను. ఉక్కు, అల్యూమినియం ధర మారితే భాగం ధర ఎలా మారుతుందో రాశారా అన్నది మొదటిది. ఆర్డరు అంచనాలో సగానికి పడిపోతే, అప్పటికి తిరిగిరాని టూలింగ్, యంత్రాల పెట్టుబడి ఎవరిదన్నది రెండోది. సరఫరాదారు చెప్పిన ఉపాయాన్ని మరొకరికి చూపించవచ్చా లేదా అన్నది మూడోది. ఈ మూడూ ఖాళీగా ఉన్న ఒప్పందంలో ధర ఎంత బాగున్నా అది రెండో ఏడాది దాటదు. కోరిన శాతం తగ్గించడానికి వేరే దారి లేనప్పుడు, తగ్గేది సాధారణంగా యంత్రాల నిర్వహణ, తనిఖీ చేసేవారి సంఖ్య, ఆపై పదార్థపు గ్రేడు.

ఇంజిన్ భాగాల విషయంలో ఇప్పుడు మరో చిక్కు వస్తోంది. ఇంతకాలం సరఫరాదారు ఏటా కోతకు ఒప్పుకున్నది వచ్చే మోడల్ మీద ఆశతోనే. ఈ మోడల్‌లో మిగలకపోయినా, వచ్చే దానిలో సర్దుకోవచ్చన్నది ఇద్దరికీ తెలిసిన, ఎక్కడా రాయని లెక్క. విద్యుత్ వాహనాలు పెరుగుతున్న కొద్దీ పిస్టన్లు, ఇంధన ఇంజెక్టర్లు, ఎగ్జాస్ట్ గొట్టాలు చేసేవారికి ఆ వచ్చే మోడల్ ఉంటుందన్న నమ్మకం సన్నగిల్లుతోంది. కారు ఉత్పత్తి ఆగిన తర్వాత కూడా ఏళ్ల తరబడి రిపేరు భాగాలు అందించాలన్న బాధ్యత మాత్రం అలాగే ఉంది: అరిగిపోయిన డై, ఏడాదికి కొన్ని వందల ఆర్డర్లు, ధర మాత్రం లక్షలు చేసిన రోజుల నాటిది. ఈ స్థితిలో తగ్గింపు అడిగే కొనుగోలు అధికారికి చూపించడానికి బహుమతీ లేదు, బెదిరించడానికి పోటీదారూ లేడు. కొన్ని భాగాలకు రాబోయే ఏళ్లలో ధర పెంచి ఇవ్వక తప్పదని, ఆ షరతును ఇప్పుడే కూర్చుని రాసుకునే సంస్థలకే ఆ భాగాలు చివరిదాకా అందుతాయని నా అంచనా.